కదలని బల్ల, కదలని కర్ర

ఇంటి వడ్రంగం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం పనిబల్ల తయారీ గురించీ, ఇంటి పనిగదిలో తీసుకోవలసిన జాగ్రత్తల గురించీ ఉన్నాయి. పాఠకులు వీటిని రెండు వేర్వేరు విషయాలుగా భావించి రాశారు గాని, చదువుతూ పోతే ఒకరి ప్రశ్నకు జవాబు మరొకరి అనుభవంలో కనిపించింది. అందువల్ల ఈసారి శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: అయ్యా, నేను పదవీ విరమణ చేసిన లెక్కల మాస్టారిని. కారు షెడ్డులో 10 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు స్థలం ఉంది. పాత ద్వారబంధాల కర్రతో ఒక బల్ల చేసుకున్నాను గాని, చిత్రిక పట్టిన ప్రతిసారీ ఉయ్యాలలా ఊగుతోంది. కాళ్లు ఇంకా లావుగా వేయాలా? లేక కొత్త కర్ర కొని మొదటి నుంచి చేసుకోవాలా? నేల మీద కూర్చొని చేద్దామంటే మోకాళ్లు సహకరించడం లేదు. (తెనాలి)

జవాబు: మాస్టారూ, కాళ్లు లావు చేసినంత మాత్రాన ఊగడం ఆగదు. నాలుగు అగ్గిపుల్లలను మూలల దగ్గర గుండుసూదులతో గుచ్చి చతురస్రం చేస్తే, వేలితో నెట్టగానే అది పక్కకు ఒరిగిపోతుంది. మూడు పుల్లలతో చేసిన త్రిభుజం ఒరగదు. మీరు ఎన్నో ఏళ్లు నల్లబల్ల మీద చెప్పిన పాఠమే ఇది. మీ బల్లలో ఉన్నవన్నీ చతురస్రాలే అయి ఉంటాయి. చిత్రిక పట్టేటప్పుడు మన శక్తి అంతా బల్ల పొడవు వెంట పోతుంది కాబట్టి, ఆ దిశలో ఒక త్రిభుజమో, దానికి సమానమైన పలకో లేకపోతే ఎంత లావు కాళ్లయినా అతుకుల దగ్గర కదులుతూనే ఉంటాయి. వెనక రెండు కాళ్లకు అడ్డంగా ఒక ప్లైవుడ్ పలకను స్క్రూలతో బిగిస్తే ఆ పలకలో లెక్కలేనన్ని త్రిభుజాలు ఉన్నట్టే లెక్క. ముందు ఆ పని చేసి చూడండి, సగం సమస్య ఆ సాయంత్రానికే తీరుతుంది.

పాత ద్వారబంధాల కర్రను వదులుకోకండి. టేకు అయినా, మద్ది అయినా, వేగిస అయినా దశాబ్దాల పాటు ఎండిన కర్ర ఇక అంత తేలిగ్గా వంగదు, పగలదు. కోత మిల్లులో ఈ రోజు కోసి ఇచ్చే పచ్చి కర్ర అలా కాదు. అయితే పాత కర్ర లోపల విరిగిపోయిన మేకులు దాగి ఉంటాయి. కోయడానికి ముందు ఒక బలమైన అయస్కాంతాన్ని కర్ర పొడవునా నడిపించి చూడండి. పుచ్చు పట్టిన ముక్కలను, అంటే గుండుసూది తల అంత రంధ్రాలు ఉండి తట్టితే మెత్తని పొడి రాలే ముక్కలను, మొహమాటపడకుండా పక్కన పడేయండి.

బల్ల పై భాగానికి మాత్రం 19 మిల్లీమీటర్ల మందం గల ప్లైవుడ్ షీటు ఒకటి కొనమని నా సలహా. మీది కోస్తా ప్రాంతం, వానాకాలంలో గాలిలో తేమ ఎక్కువ. కాబట్టి మామూలు కమర్షియల్ ప్లైవుడ్ కాకుండా బి.డబ్ల్యు.ఆర్. (మరిగే నీటిని తట్టుకునేది) అని ముద్ర ఉన్న ఐ.ఎస్. 303 రకం తీసుకోండి. కర్ర పీచును జిగురుతో అదిమి చేసే ఎం.డి.ఎఫ్. పలక చౌకగా దొరుకుతుంది గాని తేమ తగిలితే అంచులు ఉబ్బుతాయి. 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ఉన్న షీటును దుకాణంలోనే 5 అడుగుల దగ్గర అడ్డంగా కోయించండి. ఆ 5 అడుగుల ముక్కను నిలువుగా రెండు చేస్తే, 5 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు ఉన్న పలకలు రెండు వస్తాయి. వాటిని జిగురు పూసి, కింది వైపు నుంచి స్క్రూలు బిగించి ఒకదానిమీద ఒకటి అంటిస్తే అంగుళంన్నర మందం గల పైపలక తయారవుతుంది. మిగిలిన 4 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు ముక్కలో ఒక అడుగు వెడల్పు పట్టీని నేను చెప్పిన వెనక పలకగానూ, మిగతాదాన్ని కింది అరగానూ వాడుకోవచ్చు. అందుకని కాళ్ల చట్రాన్ని బయటి కొలత 4 అడుగులు ఉండేలా కట్టండి. రెండు వైపులా పైపలక అరడుగు చొప్పున బయటికి వస్తుంది, సి-క్లాంపులు (కర్రను బల్లకు అదిమి బిగించే సి ఆకారపు పట్టులు) తగిలించడానికి ఆ అంచు అవసరం. ఒక్క షీటులో రంపం కోతకు పోయేది తప్ప వృథా అయ్యేది దాదాపు ఉండదు.

ఎత్తు విషయంలో ఏ పుస్తకంలోని కొలతనూ నమ్మకండి. చెప్పులు వేసుకొని నిటారుగా నిలబడి, చేతులు కిందికి వదిలేసి, నేల నుంచి మీ మణికట్టు మడత వరకు కొలిపించండి. చిత్రిక పట్టడానికి అదే మీ బల్ల ఎత్తు. అయిదున్నర అడుగుల మనిషికి అది సుమారు 32 అంగుళాలు వస్తుంది. సన్నని చెక్కడం పని ఎక్కువగా చేసేవారికి మరో నాలుగైదు అంగుళాలు పెరిగినా ఫరవాలేదు. ఇనుముకు ఆకురాయి పట్టే బెంచ్ వైసు (వస్తువును రెండు దవడల మధ్య బిగించి పట్టే పరికరం) దవడలు మాత్రం మోచేయి ఎత్తులో ఉండాలి.

ఇక బరువు. పైపలక 20 కిలోలకు పైగా, చట్రం 30 కిలోల దాకా, అర, వెనక పలక, వైసు కలిసి మరో 20 కిలోలు అనుకుంటే మొత్తం 70 కిలోలు అవుతుంది. చిత్రిక పట్టే బల్లకు ఇది చాలదు. కింది అర మీద రెండు సిమెంటు సంచుల్లో సగం దాకా ఇసుక నింపి పెట్టండి. బల్ల వంద కిలోలు దాటాక మీరు నెట్టేది బల్లను కాదు, కర్రను మాత్రమే అన్న తేడా మొదటి రోజే తెలుస్తుంది. కాళ్ల కింద గ్రానైటు ముక్కలు వేస్తే షెడ్డు కడిగిన నీళ్లు, చెదలు రెండూ కాళ్లకు అంత తేలిగ్గా చేరవు. అడ్డకర్ర చివరను నాలుకలా చెక్కి, కాలిలో తొలిచిన బెజ్జంలోకి దిగ్గొట్టే అతుకు చేయగలిగితే చాలా మంచిది. చేయలేకపోతే 10 మిల్లీమీటర్ల బోల్టులు వాడి, వానాకాలం పోయాక ఒకసారి, ఎండలు ముదిరాక ఒకసారి వాటిని బిగించుకోండి.

మీరు అడగని మాట ఒకటి చెబుతాను. మన వడ్రంగులు తరతరాలుగా నేల మీద కూర్చొని, కాలి వేళ్లతో, మడమతో కర్రను అదిమిపట్టి పని చేశారు. ఆ పద్ధతిలో పాదమే వైసు, ఒంటి బరువే బల్ల. నిలబడి పని చేసే మనం ఆ పాదాన్ని పోగొట్టుకున్నాం కాబట్టి, దాని పని చేసే వస్తువు ఏదో ఒకటి బల్లకు ఉండాలి. కుడిచేతి వాటం వారయితే బల్ల ముందు అంచున ఎడమ మూల దగ్గర వైసు బిగించి, దాని ఇనుప దవడలకు చెక్క ముక్కలు తొడగండి. పైపలక ఎడమ చివర అర అంగుళం మందం గల పట్టీని అడ్డంగా స్క్రూలతో బిగిస్తే చిత్రిక పట్టే కర్ర దాన్ని ఆనుకొని ఆగుతుంది. పాతికేళ్ల కిందట నేను ఒక పేడు ముక్కను ఎడమచేత్తో పట్టుకొని కుడిచేత్తో ఉలి నడిపాను. ఆ గీత ఎడమ అరచేతిలో హృదయరేఖకు అడ్డంగా ఇప్పటికీ ఉంది. ఆ రోజు ఉలి తప్పేమీ లేదు, కర్రను పట్టుకోవలసింది బల్ల, పట్టుకున్నది నేను.

ప్రశ్న: సర్, ఇంజనీరింగ్ చదువుతున్నాను. మా మేనమామ దగ్గర మార్బుల్ కట్టర్ ఉంది. దానికి చెక్క కోసే బ్లేడు తగిలించి, ప్లైవుడ్ బల్ల కింద తలకిందులుగా బిగించి టేబుల్ సా చేసుకోవచ్చని వీడియోల్లో చూశాను. సగం పని అయిపోయింది. గార్డు ఎలా చేసుకోవాలో చెప్పగలరా? (హనుమకొండ)

జవాబు: గార్డు గురించి అడిగారంటే ప్రమాదం ఉందని మీకు తెలుసన్నమాట, అందుకు సంతోషం. కాని నా జవాబు గార్డు దగ్గర మొదలు కాదు. దాన్ని విప్పేయండి.

మార్బుల్ కట్టర్ రాయిని, టైలును కోయడానికి చేసిన యంత్రం. 110 మిల్లీమీటర్ల బ్లేడును అది నిమిషానికి దాదాపు 13,000 చుట్లు తిప్పుతుంది. లెక్క వేసి చూడండి: బ్లేడు అంచు వేగం సెకనుకు 75 మీటర్లు, అంటే గంటకు 270 కిలోమీటర్లు. 30 పళ్లున్న బ్లేడయితే సెకనుకు 6,500 పళ్లు ఒకే చోటును దాటుతాయి. వేలు తగిలిందని తెలిసి చెయ్యి వెనక్కి తీసుకోవడానికి మనిషికి సెకనులో అయిదో వంతు సమయం పడుతుంది. ఆలోగా వెయ్యికి పైగా పళ్లు తమ పని కానిచ్చేస్తాయి.

అయితే వేలు బ్లేడు మీద పడటమే ఇందులో అసలు ప్రమాదం కాదు. కర్రను కోస్తున్నప్పుడు లోపలి బిగువు వల్ల కోత వెనక భాగం మూసుకుపోయి బ్లేడును నొక్కుతుంది. బ్లేడు ముందు పళ్లు కిందికి దిగుతుంటే వెనక పళ్లు పైకి లేస్తుంటాయి కదా. ఆ లేచే పళ్లు కర్రను పైకెత్తి, మీ పొట్టకేసి విసురుతాయి. కర్ర ఎగిరిపోయిన మరుక్షణం, దాన్ని నెడుతున్న మీ చెయ్యి ఆధారం తప్పి బ్లేడు మీద పడుతుంది. అసలైన టేబుల్ సాలో బ్లేడు వెనకే, బ్లేడుతో పాటు పైకీ కిందికీ కదిలే ఒక సన్నని ఉక్కు రేకు ఉంటుంది, కోత మూసుకుపోకుండా ఆపేది అదే. బ్లేడుకు సరిగ్గా సమాంతరంగా నిలిచే అడ్డుపట్టీ, మోకాలితో కొట్టి ఆపగలిగేంత పెద్ద స్విచ్చు కూడా ఉంటాయి. మీరు చేస్తున్న దానిలో ఈ మూడూ లేవు. పైగా వీడియోల్లో చూపించినట్టు స్విచ్చును ప్లాస్టిక్ పట్టీతో నొక్కి కట్టేస్తే, ప్రమాదం జరిగినప్పుడు దాన్ని ఆపడానికి బల్ల కిందికి వంగాలి, లేదా గోడ దగ్గరికి పరుగెత్తాలి. అమెరికాలో శరీరం తగిలిన వెంటనే, 5 మిల్లీసెకన్లలో బ్లేడును ఆపేసే రంపాలు 2004 నుంచి అమ్మకంలో ఉన్నాయి. బ్లేడు మీద నడిచే సూక్ష్మ విద్యుత్ సంకేతం చర్మం తాకగానే మారిపోతుంది, ఆ క్షణంలో ఒక అల్యూమినియం దిమ్మె పళ్లలోకి దూసుకెళ్లి దాన్ని బిగపట్టేస్తుంది. సరైన రంపానికే ఇంత ఏర్పాటు అవసరమైందంటే, తలకిందులుగా వేలాడే మార్బుల్ కట్టర్ సంగతి మీరే ఆలోచించండి.

మీకు కావలసింది తిన్నని కోత అయితే వేరే దారి ఉంది. 7 అంగుళాల చేతి సర్క్యులర్ సా తీసుకోండి. దాని కింది గార్డు స్ప్రింగుతో తనంతట తానే మూసుకుంటుంది, వేగం కూడా నిమిషానికి 5,000 చుట్ల దగ్గరే ఉంటుంది. ప్లైవుడ్‌ను నేల మీద మందపాటి థర్మోకోల్ షీటు పరిచి దాని మీద పెట్టి, ఒక అల్యూమినియం పట్టీని రెండు క్లాంపులతో బిగించి, రంపాన్ని ఆ పట్టీ వెంట నడపండి. బ్లేడు ప్లైవుడ్ మందం కన్నా పావు అంగుళం మాత్రమే కిందికి దిగాలి. కోత రెండు వైపులా కింద ఆధారం ఉంటే కర్ర మూసుకుపోయి బ్లేడును పట్టదు. ఇక్కడ కర్ర కదలదు, మీ రెండు చేతులూ యంత్రం పిడుల మీదే ఉంటాయి. ఒకటి రెండు షీట్లే కోయవలసి ఉంటే కొన్న దుకాణంలోనే పెద్ద యంత్రం మీద కోయించుకోవడం ఇంకా తెలివైన పని.

ఇదే కారణంతో యాంగిల్ గ్రైండరుకు పళ్ల బ్లేడు తగిలించవద్దు. గ్రైండరులో వాడే రాపిడి డిస్కుల మీద కూడా గరిష్ఠ వేగం ముద్రించి ఉంటుంది. యంత్రం వేగం దాన్ని దాటకూడదు. మంచి డిస్కుల మధ్యలో ఉండే లోహపు వలయం మీద నెల, సంవత్సరం చెక్కి ఉంటాయి. అది గడువు తేదీ. ఆ తేదీ దాటిన, తేమలో నానిన డిస్కు తిరుగుతుండగానే ముక్కలు కావచ్చు.

ప్రశ్న: నమస్కారమండీ. అపార్టుమెంటు బాల్కనీలో పిల్లల కోసం టేకు ముక్కలతో బొమ్మలు చేస్తుంటాను. ఇసుక కాగితం పట్టిన రోజు మోచేతుల దాకా దద్దుర్లు వస్తున్నాయి, తుమ్ములు ఆగడం లేదు. చేతి తొడుగులు వేసుకొని పని చేయమని మావారు అంటున్నారు. మంచిదేనా? (విశాఖపట్నం)

జవాబు: అమ్మా, ఇసుక కాగితాన్ని చేత్తో పట్టేటప్పుడు, రంగు వేసేటప్పుడు తొడుగులు వేసుకోండి. డ్రిల్ మిషను, లేతు, రంపం వంటి తిరిగే యంత్రం ఏది ఆన్ చేసినా ముందు తొడుగులు తీసేయండి. చర్మం తగిలితే గాయమవుతుంది. తొడుగు తగిలితే అది చుట్టుకొని చేతినే లోపలికి లాగుతుంది. చున్నీ, చీర చెంగు, వదులు చేతులు, గాజులు, ఉంగరం, చేతికి కట్టుకున్న దారం అన్నిటికీ ఇదే వర్తిస్తుంది. జడను ముడి వేసుకోండి. మగవారు లుంగీతో, రబ్బరు చెప్పులతో డ్రిల్లు పట్టుకోవడం మన ఊళ్లలో మామూలే గాని, వారికీ ఇదే మాట.

దద్దుర్లకు కారణం టేకులో సహజంగా ఉండే కొన్ని పదార్థాలు. చెదలు తినకుండా టేకును కాపాడేవి కూడా అవే. అందరికీ పడకపోవడం ఉండదు, పడని వారికి మాత్రం వాడేకొద్దీ ఎక్కువవుతుంది. బొమ్మలకు అంకుడు కర్ర దొరికితే ప్రయత్నించండి. మీ జిల్లాకు పొరుగునే ఉన్న ఏటికొప్పాక లక్కబొమ్మలకు వాడేది అదే, మెత్తగా చెక్కుడు పడుతుంది.

కర్ర పొడిని తేలిగ్గా తీసుకోవద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే కర్ర ధూళిని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. ముక్కు లోపలి కుహరాలకు వచ్చే క్యాన్సర్ దాని ప్రధాన ఫలితం. ఏళ్ల తరబడి రోజూ ఆ ధూళిలో పని చేసేవారికి ఉన్న ముప్పు, వారానికి ఒక గంట పని చేసే మీకు ఉండదు. కాని బాల్కనీ తలుపు తెరిచి ఉంటే పొడి పిల్లల గదిలోకే పోతుంది. ముఖానికి అతుక్కునే ఎన్-95 లేదా ఎఫ్.ఎఫ్.పి.-2 మాస్కు పెట్టుకోండి. గుడ్డ మాస్కు సన్నని పొడిని ఆపదు. పొడిని చీపురుతో ఊడ్చకండి, తడిగుడ్డతో తుడవండి. పని చేసిన బట్టలను మార్చుకున్నాకే పిల్లలను ఎత్తుకోండి.

మరొక్క మాట. చిన్న బొమ్మ ముక్కకు చేత్తో పట్టుకొని డ్రిల్లు పెట్టకండి. బిట్టు అవతలి వైపు బయటపడేటప్పుడు ఒక్కసారి కరిచి ముక్కను గిర్రున తిప్పుతుంది. బాల్కనీలో పెద్ద బల్లకు చోటు లేకపోతే, వంటగట్టు మీద క్లాంపుతో బిగించుకొనే రెండడుగుల పలక ఒకటి చేసి, దానికే చిన్న వైసు తగిలించండి. పని అయ్యాక మంచం కిందికి తోసేయవచ్చు.

ప్రశ్న: పోయిన వారం గ్రైండరుతో పని చేస్తుండగా కరెంటు పోయింది. దాన్ని బల్ల మీద పెట్టి టీ తాగి వచ్చేసరికి కరెంటు వచ్చి, గ్రైండరు తనంతట తానే తిరుగుతూ బల్ల మీద నుంచి దూకింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఇంట్లో ఆర్.సి.సి.బి. ఉంది, అయినా ఇలా ఎందుకు జరిగింది? (కరీంనగర్)

జవాబు: ఆర్.సి.సి.బి. పని అది కాదు. ఫేజ్ తీగలో వెళ్లిన కరెంటుకూ, న్యూట్రల్‌లో తిరిగి వచ్చిన కరెంటుకూ 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే, అంటే ఆ కొంచెం ఎవరి ఒంటి ద్వారానో నేలలోకి పోతే, అది సరఫరాను తెంచేస్తుంది. 10 నుంచి 20 మిల్లీ ఆంపియర్లు ఒంట్లోకి పోతేనే కండరాలు బిగుసుకొని పట్టుకున్న తీగను వదలలేని స్థితి వస్తుంది కాబట్టి ఆ పరికరం ప్రాణాధారమే. అయినా ఫేజ్, న్యూట్రల్ రెండింటినీ ఒకేసారి ముట్టుకుంటే దానికి తేడా తెలియదు. మీ గ్రైండరు విషయంలో తేడా అసలు లేదు, స్విచ్చు ఆన్‌లో ఉంది, కరెంటు వచ్చింది, తిరిగింది.

నేను పాటించే పద్ధతి ఇది: కరెంటు పోగానే నోటితో ఏమనుకున్నా సరే, చేత్తో మాత్రం మొదట ప్లగ్గు పీకుతాను. బ్లేడు, డిస్కు, బిట్టు మార్చేటప్పుడూ అంతే. కరెంటు పోతే తనంతట తానే ఆఫ్ స్థితిలోకి పడిపోయి, మళ్లీ మీట నొక్కితేనే పని చేసే స్విచ్చులు దొరుకుతాయి. బల్లకు బిగించే యంత్రాలకు అవి పెట్టించుకోండి. గ్రైండరు మీద చతురస్రంలో చతురస్రం గుర్తు ఉంటే దానికి రెండు పొరల ఇన్సులేషన్ ఉందని, ఎర్తు తీగ అవసరం లేదని అర్థం. ఆ గుర్తు లేని లోహపు యంత్రానికి మూడు పిన్నుల ప్లగ్గు, ఇంట్లో సరైన ఎర్తింగు తప్పనిసరి. ఎక్స్‌టెన్షన్ తీగను చుట్ట మీదే ఉంచి వాడితే వేడెక్కి కరిగిపోతుంది, మొత్తం విప్పి పరవండి. బల్ల ముందు అంచు కింద స్విచ్చుబోర్డు పెట్టించుకుంటే తీగ మీ కాళ్లకు అడ్డం పడదు; ఇసుక సంచులు వేసినంత అవసరమైన పని అది.

ప్రశ్న: పాత టేకు కుర్చీలకు లిన్‌సీడ్ ఆయిల్ (అవిసె నూనె) పూసి, తుడిచిన గుడ్డలను ఒక మూల కుప్పగా పడేశాను. రాత్రి చూస్తే కుప్ప లోపల చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంది. నిప్పు దగ్గరలో ఏదీ లేదు. ఎండ వేడి వల్లనా? (రాజమహేంద్రవరం)

జవాబు: ఎండ వల్ల కాదు, ఆ నూనె వల్లే. మీరు సమయానికి చూశారు. అవిసె గింజల నూనె నీళ్లలా ఆవిరై ఆరదు. గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకొని గట్టిపడుతుంది, ఆ చర్యలో వేడి పుడుతుంది. కుర్చీ మీద పలుచని పొరలో ఆ వేడి గాలిలో కలిసిపోతుంది గాని, గుడ్డల కుప్పలో బయటికి పోయే దారి లేక పెరిగి పెరిగి నిప్పు అంటుకుంటుంది. అగ్గిపుల్ల అక్కరలేదు. 1991 ఫిబ్రవరి 23న అమెరికాలోని ఫిలడెల్ఫియాలో 38 అంతస్తుల వన్ మెరిడియన్ ప్లాజా భవనం తగలబడి ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. 22వ అంతస్తులో చెక్క పలకలు తుడిచి వదిలేసిన లిన్‌సీడ్ గుడ్డలే దానికి మూలం.

పని అయిన వెంటనే గుడ్డలను ఆరుబయట తీగ మీద ఒక్కొక్కటిగా విప్పి ఆరవేయండి. అట్టలా గట్టిపడ్డాక పారేయవచ్చు. అంత వ్యవధి లేకపోతే నీళ్లు పోసిన రేకు డబ్బాలో ముంచి మూత పెట్టండి. టేకు నూనె అన్న పేరుతో అమ్మే చాలా రకాలలోనూ ఈ నూనె కలిసి ఉంటుంది. స్పిరిట్ పాలిష్ గుడ్డలు తమంతట తాము వేడెక్కవు గాని నిప్పురవ్వకు భగ్గుమంటాయి; గ్రైండరు రవ్వలు అయిదారడుగులు అవలీలగా ఎగురుతాయి కాబట్టి పాలిష్ చేసే రోజు గ్రైండరు తీయకండి. రంపపు పొట్టు సంచి కూడా ఆ దరిదాపుల్లో ఉండకూడదు. ఎ.బి.సి. పొడి ఉన్న అగ్నిమాపక సిలిండరును బల్ల పక్కన కాకుండా తలుపు దగ్గర తగిలించండి. మంటను దాటి వెళ్లి తెచ్చుకోవలసిన సిలిండరు దండగ.

ప్రశ్న: యంత్రాలు దిగుమతి అయిన పెట్టెల చెక్క చౌకగా వస్తోంది. బల్లకు పనికొస్తుందా? (కర్నూలు)

జవాబు: కాళ్లకు, అరలకు పనికొస్తుంది. అది ఎక్కువగా పైను కర్ర, తేలిక, మెత్తన. కొనే ముందు చెక్క మీద కాల్చి వేసిన గోధుమ కంకి ముద్ర చూడండి. పక్కన హెచ్.టి. అని ఉంటే వేడితో పురుగును చంపారు, తీసుకోండి. ఎం.బి. అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించారు, వదిలేయండి. ముద్ర లేని దానిలో ఏ రసాయనం ఒలికిందో ఎవరికీ తెలియదు.

ప్రశ్న: మేము డాలస్‌లో ఉంటాం. ఇక్కడ టేకు, మద్ది కొనే స్థోమత లేదు. గరాజ్‌లో టూ-బై-ఫోర్ కర్రలతో బల్ల చేస్తే నిలుస్తుందా? (టెక్సస్, అమెరికా)

జవాబు: భేషుగ్గా నిలుస్తుంది. పేరుకు రెండు, నాలుగు గాని ఆ కర్ర అసలు కొలత ఒకటిన్నర, మూడున్నర అంగుళాలని మీరు గమనించే ఉంటారు. 16 కర్రలను అంచు మీద నిలబెట్టి జిగురుతో పక్కపక్కన అంటిస్తే రెండడుగుల వెడల్పు, మూడున్నర అంగుళాల మందం గల పైపలక వస్తుంది. మీ ప్రాంతంలో దొరికే సదరన్ పైను బరువుగా, గట్టిగా ఉంటుంది, అదే ఎంచుకోండి. కొన్న వెంటనే కోయకుండా మధ్యలో పుల్లలు పెట్టి రెండు మూడు వారాలు గరాజ్‌లోనే పేర్చి ఉంచండి. వంగేవి ఆలోగా వంగి బయటపడతాయి, వాటిని చిన్న ముక్కలకు వాడుకోవచ్చు.

ప్రశ్న: మా వీధిలో ఒకాయన రంపానికి వేలు పోగొట్టుకున్నారు. ఇంట్లోవాళ్లు గాయంలో పసుపు, కాఫీ పొడి నింపి, తెగిన వేలిని ఐసు ముక్కల్లో వేసి తీసుకెళ్లారు. ఆసుపత్రిలో వేలు పనికిరాదన్నారు. ఏం చేసి ఉండవలసింది? (ఒంగోలు)

జవాబు: ఆ ఇంటివారిని ఎవరూ తప్పుపట్టనక్కరలేదు. కంగారులో చేతికి అందినదే చేస్తాం. తెలుసుకోవలసినది మాత్రం ఇది. గాయం మీద పసుపు, కాఫీ పొడి, సిరా, స్పిరిట్ ఏదీ వేయకండి. వైద్యులు వాటన్నిటినీ గంటసేపు కడిగి తీయవలసి వస్తుంది. శుభ్రమైన గుడ్డ మడత పెట్టి గట్టిగా అదిమి, చేతిని గుండె కన్నా ఎత్తుగా పట్టుకోండి. ఆ చేతికి ఉంగరాలు ఉంటే వాపు రాకముందే తీయండి. 108కి ఫోను చేయండి. దారిలో తినడానికి, తాగడానికి ఏమీ ఇవ్వకండి, శస్త్రచికిత్సకు మత్తు ఇవ్వవలసి రావచ్చు.

తెగిన భాగాన్ని మట్టి ఉంటే శుభ్రమైన నీళ్లతో మెల్లగా కడిగి, తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో వేసి గాలి చొరకుండా కట్టండి. ఆ సంచిని ఐసు కలిపిన నీళ్లున్న మరో పాత్రలో ఉంచండి. ఐసు నేరుగా తగిలితే కణజాలం గడ్డకట్టి చచ్చిపోతుంది, ఆ వేలికి జరిగింది బహుశా అదే. ఇలా చల్లగా ఉంచిన వేలిని కొన్ని గంటల తర్వాత కూడా అతికించే అవకాశం ఉంటుంది, అయితే ప్లాస్టిక్ సర్జన్ ఉన్న ఆసుపత్రికే నేరుగా వెళ్లాలి. కంటిలో లోహపు రవ్వ గుచ్చుకుంటే నలపకండి, తీయడానికి ప్రయత్నించకండి. కంటి మీద ఒత్తిడి పడకుండా కాగితపు కప్పు బోర్లించి, అంటుపట్టీతో నిలిపి కంటి ఆసుపత్రికి తీసుకెళ్లండి.

దూది, కట్టు కట్టే పలుచని గుడ్డ (గాజ్), అంటుపట్టీలు, రెండు శుభ్రమైన ప్లాస్టిక్ సంచులు ఉన్న డబ్బాను గోడకు, ఒక చేత్తో తెరవగలిగే ఎత్తులో తగిలించుకోండి. దానికి తాళం వేయకండి.